రెండువందల నలభయ్యో వరుస

తప్పు తనదేనని రాసి ఉన్న కాగితం మీద ఆమె చేత సంతకం పెట్టించిన వేళకి ఆఫీసులో అందరూ మధ్యాహ్నం డబ్బాలు విప్పుకుంటున్నారు. అందుకని చాలామంది చూడలేదు. చూసినవాళ్ళకి డబ్బా మూత హఠాత్తుగా గట్టిగా బిగుసుకుపోయింది, తల వంచి దానితో కుస్తీ పట్టారు.

విభాగం పెద్దని అందరూ పెన్సిలు సారు అనేవాళ్ళు. చెవి మీద పెన్సిలు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. ఆయన కాగితాన్ని ఆమె ముందుకు జరిపాడు.

"చదివావుగా?"

"చదివాను సార్. 'వరుస తప్పుగా ఇచ్చినందువల్ల' అని ఉందిక్కడ. నేనిచ్చిన వరుస తప్పు కాదు సార్. మీరు గీత గీసిన చోటు..."

"మళ్ళీ గీత దగ్గరికే వస్తావేంటమ్మా? పైనుంచి అడుగుతున్నారు. ఎవరిదో ఒకరిది పేరుండాలి. నా పేరుంటే మొత్తం విభాగానికి మాటొస్తుంది. నీ పేరుంటే నీతో పోతుంది. నీ ఉద్యోగానికి ఢోకా లేదు, ఆ పూచీ నాది."

"మరి నా మాటో సార్?"

"నీ మాటేంటి?"

ఆయన వెటకారానికి అనలేదు. ఆమెకి కూడా ఒక మాట ఉంటుందన్న సంగతి ఆయనకి నిజంగా తట్టలేదు. "పెట్టమ్మా, అవతల ఆకలి దంచేస్తోంది" అన్నాడు. ఆమె పెట్టింది. ఇరవై ఏళ్ళుగా పెడుతున్న సంతకమే, అయినా ఆ రోజు చివరి గీత దగ్గర కలం ఆగింది. ఆగిన చోట సిరా చుక్క పడింది.

అదొక చెప్పుల కంపెనీ. రెండువందల నలభై దుకాణాలు. ఎక్కడెక్కడ ఎన్ని జతలు అమ్ముడయ్యాయో రోజూ రాత్రికి పెద్దాఫీసు డేటాబేస్‌లోకి వచ్చి పడతాయి. దాన్నుంచి ఎవరికి ఏ పట్టిక కావాలంటే ఆ పట్టిక తీసిచ్చే పని ఆమెది. వరుసలు పేర్చడంలో చెయ్యి తిరిగిన మనిషి గనక ఆమెని వరుసలమ్మ అనేవాళ్ళు. అందులో మెప్పు సగం, ఎగతాళి సగం. నలభై నాలుగేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగే వయసు దాటిపోయిందని ఆఫీసులో అందరూ ఊపిరి పీల్చుకున్నారు, ఆమెతో సహా.

ఆ డేటాబేస్‌ని క్యూబు అంటారు. మామూలు పట్టికకి నిలువూ అడ్డమూ రెండే. క్యూబుకి ఎన్ని వైపులైనా ఉంటాయి. ఒక వైపు దుకాణాలు, ఒక వైపు నెలలు, ఇంకో వైపు సరుకు రకాలు. ఏ వైపు తలుపు తీస్తే ఆ వైపు లెక్క కనిపిస్తుంది. దుకాణాల వైపు మాత్రం మెట్లుంటాయి. పై మెట్టు మీద ప్రాంతం, దాని కింద ఊరు, ఊరి కింద దుకాణం. పై మెట్టు మీద కనిపించే అంకె కింది మెట్ల మొత్తం.

ఇక చిక్కంతా ఈ మెట్లున్న సరుకుని ఎక్కువ నుంచి తక్కువకి పేర్చమన్నప్పుడు వస్తుంది. దాన్ని ఆమె ఒకసారి పెన్సిలు సారుకే చెప్పింది, చాలా ఏళ్ళ కిందట, ఇద్దరూ ఇంకా నవ్వుకుంటూ మాట్లాడుకునే రోజుల్లో.

"సార్, మన వీధిలో అందరినీ బరువు ప్రకారం నిలబెట్టాలి అనుకోండి. రెండు రకాలుగా నిలబెట్టొచ్చు. ఇంటిల్లిపాదినీ కలిపి తూచి, బరువైన ఇల్లు ముందు, తేలిక ఇల్లు వెనక పెట్టి, ఏ ఇంట్లోవాళ్ళని ఆ ఇంట్లో మళ్ళీ బరువు ప్రకారం పెట్టడం ఒకటి. ఇళ్ళ సంగతి వదిలేసి మనిషిని మనిషిగా తూచడం ఇంకొకటి. మనం క్యూబుని అడిగే ప్రశ్నలో, అంటే క్వెరీలో, ఏమీ చెప్పకపోతే క్యూబు మొదటి రకం చేస్తుంది. కుటుంబాన్ని విడగొట్టదు. విడగొట్టమని మనమే విడిగా చెప్పాలి."

"ఏదైతే ఏముందమ్మా, బరువు బరువేగా?"

"కాదు సార్. ఒక ఇంట్లో వస్తాదు ఒక్కడే ఉన్నాడు. పక్కింట్లో ఆరుగురు బక్కవాళ్ళున్నారు. ఇల్లు ప్రకారం నిలబెడితే వస్తాదు ఆ ఆరుగురికీ వెనకాలే."

పెన్సిలు సారు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ తర్వాత వారం రోజులు ఆమె ఎదురుపడినప్పుడల్లా "వస్తాదు బాగున్నాడా?" అని పలకరించాడు. వస్తాదు గుర్తుండిపోయాడు, విషయం మాత్రం ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాడు.

ఆమెకొక అక్క. అక్కంటే అక్కే కాదు. ఆమెకి ఏడేళ్ళప్పుడు తల్లి పోతే, పద్దెనిమిదేళ్ళ అక్క చదువు మానేసి చెప్పుల దుకాణంలో పనికి కుదిరింది. చెల్లెల్ని ఇంట్లో ఒక్కదాన్నే వదల్లేక దుకాణం వెనక గదిలో కూర్చోబెట్టేది. ఖాళీ పెట్టెల మీద పుస్తకం పెట్టుకుని ఆమె హోంవర్కు చేసుకునేది. ముందు గదిలోంచి అక్క గొంతు వినబడుతుండేది. "అయిదు కాదమ్మా, మీ వాడికి అయిదున్నర. నడక చూస్తే తెలియట్లా? బొటనవేలు ముడుచుకుని నడుస్తున్నాడు." నడక చూసి సైజు చెప్పేది అక్క. ఊళ్ళోవాళ్ళు దాన్ని విద్య అనుకునేవాళ్ళు. కంపెనీ కూడా అలాగే అనుకుని కొన్నేళ్ళకి ఆ దుకాణాన్ని అక్క చేతిలోనే పెట్టింది. ఊరికి అదొక్కటే చెప్పుల దుకాణం. ఇరవై ఆరేళ్ళు అక్క దాని షట్టరు ఎత్తింది, దించింది. చెల్లెల్ని కంప్యూటర్ కోర్సుకి పంపింది. తనిఖీకి వచ్చిన కంపెనీ మనిషిని "మా పిల్లకి లెక్కలు నాలుక మీద ఉంటాయండీ, మీ పెద్దాఫీసులో ఒక కుర్చీ వెయ్యకూడదూ?" అని ఊపిరి సలపనివ్వకుండా వెంటపడి ఉద్యోగం వేయించింది.

అప్పట్నుంచి రోజూ ఏడున్నరకి, షట్టరు దించగానే ఫోను.

"ఏం చేస్తున్నావే చిన్నీ?"

"ఏముందక్కా, తింటున్నాను."

"తింటూ మాట్లాడకు, గొంతుకి అడ్డం పడుతుంది. పెట్టేస్తున్నా."

ఒక్కోసారి ఫోనంతా ఇంతే. ఆమెకి అదే చాలు. రోజు ముగిసినట్టు ఉండేది.

ఇంతకీ ఆ ఏడు జరిగింది ఇది. ఏ ప్రాంతం ఎలా నడుస్తోందో చూడాలి, ప్రాంతాల వారీగా ఎక్కువ నుంచి తక్కువకి పెట్టి ఇమ్మని పెన్సిలు సారు అడిగాడు. ఆమె ఇచ్చింది. ప్రాంతం కింద ఊళ్ళు, ఊరి కింద దుకాణాలు, కుటుంబం చెదరకుండా ముద్దుగా. అది ప్రాంతాలని చూడ్డానికి ఇచ్చిన వరుస. వారం తర్వాత, బాగా తక్కువ అమ్మే పన్నెండు దుకాణాలు మూసేద్దామని పైనుంచి మాటొచ్చింది. సారు కొత్త జాబితా అడగలేదు. బల్ల మీద ఉన్న పాతదే తీసుకుని, కింద నుంచి పన్నెండు దుకాణాలు లెక్కపెట్టి, పైన ఒక గీత గీశాడు. జాబితా ఎక్కువ నుంచి తక్కువకి ఉన్నప్పుడు అట్టడుగున ఉన్నది అన్నిటికన్నా తక్కువ అనుకోవడం ఎవరికైనా సహజమే. మెట్లున్న పట్టికలతో పని చెయ్యనివాడెవడికైనా.

గీత గీసిన కాగితం పైకి వెళ్ళాక, నకలు దాఖలు చెయ్యడానికి ఆమె దగ్గరికి వచ్చింది. ఎప్పుడూ అంకెలే చూస్తుందామె, పేర్లు చూడదు. ఆ రోజు ఎందుకో కళ్ళు చివరి వరుస మీద పడ్డాయి. రెండువందల నలభయ్యో వరుస. అక్క దుకాణం.

మళ్ళీ పైకి చదివింది. అక్క దుకాణం ఉన్న తొమ్మిదో ప్రాంతంలో మొత్తం పద్నాలుగే దుకాణాలు. దుకాణాలు తక్కువ గనక మొత్తం తక్కువ, అందుకని ప్రాంతమే అన్ని ప్రాంతాల కిందికి దిగిపోయింది. ఆ ప్రాంతంలో, జాబితాలో అక్క వాళ్ళ ఊరికి సరిగ్గా పైనున్న ఊళ్ళో మూడు దుకాణాలు. నెలకి ఒకటి రెండువందల ముప్పై జతలు, ఒకటి రెండువందల ఇరవై, ఒకటి రెండువందల పది. మూడూ ఈడ్చుకుంటూ నడిచేవే. కలిపితే ఆరువందల అరవై. అక్క ఒక్కతే ఆరువందల నలభై. ఇరవై జతల తేడాతో, మూడు కుంటి దుకాణాలున్న ఊరు, ఒక్క గట్టి దుకాణం ఉన్న ఊరి నెత్తిన కూర్చుంది. ప్రాంతం మొత్తానికీ ఎక్కువ అమ్మే దుకాణం అన్నిటికన్నా కిందికి పోయింది.

ఆ సాయంత్రమే ఆమె ఇంకో క్వెరీ రాసింది. అంతా పాతదే, ఒక్క చోట మాత్రం కుటుంబాన్ని విడగొట్టమని చెప్పింది. ఊళ్ళూ ప్రాంతాలూ తప్పుకున్నాయి. దుకాణం పక్కన దుకాణం నిలబడింది. అక్క ముప్పై ఎనిమిదో చోట ఉంది. ఆమె దాన్ని ప్రింటు తీసుకుని పరుగులాంటి నడకతో సారు గదికి వెళ్ళింది.

"సార్, ఆ చివరి పన్నెండూ నిజంగా చివరి పన్నెండు కావు. అది ఇళ్ళ ప్రకారం వరుస. ఇదిగోండి, మనుషుల ప్రకారం."

ఆయన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. చూస్తుండగా చెవుల కొసలు ఎర్రబడ్డాయి. అర్థమైంది. ఆమెకి కావలసింది అంతవరకే, ఆయనకి అర్థం కావడం. అర్థమైన మనిషి ఏం చేస్తాడో ఆమె ఆలోచించుకోలేదు.

"పైకి వెళ్ళిపోయిందమ్మా" అన్నాడు మెల్లిగా. "ఇప్పుడు తప్పంటే ఎవరి తప్పవుతుంది? నోరు కట్టుకుని ఉండు. బయట ఒక్క మాట పొక్కినా, పొక్కించినవాళ్ళ కుర్చీ ఉండదు. ముందే చెబుతున్నా."

ఆమె నోరు కట్టుకుంది. ఉత్తరాలు వెళ్ళడానికి ఎనిమిది రోజులు పట్టింది. ఆ ఎనిమిది రోజులూ ఏడున్నరకి ఫోను మోగింది.

"ఏం చేస్తున్నావే చిన్నీ?"

"తింటున్నానక్కా."

తొమ్మిదో రోజు ఏడున్నరకి కాదు, పొద్దున్నే పదింటికి మోగింది.

"దుకాణం మూసెయ్యమని రాశారే. తక్కువ అమ్ముతున్నామట! పోయిన నెల పిల్లల బూట్లు నా దగ్గర చాలక పక్క ఊరి నుంచి తెప్పించాను. ఎవడో కళ్ళు మూసుకుని రాశాడు. నువ్వక్కడే ఉన్నావుగా, ఒకసారి పైన అడగవే."

"కనుక్కుంటానక్కా" అంది ఆమె.

నెలాఖరుకి పన్నెండు దుకాణాలకీ తాళాలు పడ్డాయి. గదులు వేరేవాళ్ళ చేతుల్లోకి పోయాయి. ఆ పన్నెండుమందిలో ఒకడు, అక్క కాదు, ఇంకెవరో మొండివాడు, తన అమ్మకాల చీటీలన్నీ కట్టగట్టి కంపెనీ యజమానికి పంపాడు. అప్పుడు కదిలింది తీగ. వరుసలమ్మ చేత కాగితం మీద సంతకం పెట్టించింది ఆ కదలికకే. యజమాని మర్యాదస్తుడు. జరిగిన పొరపాటుకి చింతిస్తున్నామని పన్నెండుమందికీ ఉత్తరం రాయించి, పొరపాటు చేసిన మనిషి సంతకం పెట్టిన కాగితం నకలు దానికి గుచ్చి పంపించాడు. గదులు చెయ్యి మారాయి గనక దుకాణాలు మళ్ళీ తెరవలేమని కూడా అందులో చాలా మర్యాదగా రాసి ఉంది.

ఆ సాయంత్రం ఏడున్నరకి అక్క ఫోను చేసింది. ఏం చేస్తున్నావని అడగలేదు.

"నీ సంతకం నాకు తెలియదనుకున్నావా? పలక మీద చెయ్యి పట్టుకుని దిద్దించింది నేనే."

"అక్కా, అది అలా కాదు, వరుసలో రెండు రకాలుంటాయి..."

"నన్ను అట్టడుగున రాయడానికి నీకు చెయ్యెలా వచ్చిందే?"

"నేను రాయలేదక్కా, క్యూబు..."

"పెట్టెయ్" అంది అక్క. ఎప్పుడూ తనే పెట్టేసే మనిషి, ఆ రోజు చెల్లెల్ని పెట్టెయ్యమంది. ఆమె పెట్టలేదు. అవతల కూడా పెట్టలేదు. కాసేపు అక్క ఊపిరి వినబడింది, తర్వాత అదీ లేదు.

ఆ తర్వాత సంవత్సరం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. అదే దాని సంగతి. ఆమె ఉండేది మూడో అంతస్తులో ఒక గది. కిటికీ తెరిస్తే పక్క మేడ గోడ, గోడ మీద నీళ్ళ గొట్టం. గొట్టంలో చప్పుడు బట్టి ఆ మేడలో ఎవరు ఎప్పుడు స్నానం చేస్తారో ఆమెకి తెలుసు. వాళ్ళ మొహాలు తెలియవు. ఆరున్నరకి స్నానం చేసే మనిషి నాలుగు రోజులు చెయ్యకపోతే, ఒంట్లో బాగాలేదేమోనని కంగారుపడింది. అయిదో రోజు గొట్టం మోగితే హమ్మయ్య అనుకుంది. అనుకున్నాక, తన బతుకు ఇలా తయారైందేమిటని నవ్వొచ్చింది. నవ్వు గదిలో ఒక్కతే ఉన్నప్పుడు ఎలా ఉంటుందో విని ఆపేసింది.

ఏడున్నరకి ఫోను బల్ల మీద వెల్లకిలా పెట్టుకుని తినేది. మెట్ల దగ్గర కనిపిస్తే ఇంటావిడ అడిగేది.

"మీ అక్కగారు ఈ మధ్య రావడం లేదేం?"

"పనులండీ."

"పనులు ఎవరికి లేవు? నువ్వే వెళ్ళి రాకూడదూ?"

వెళ్ళింది. నాలుగు ఆదివారాలు వెళ్ళింది. రెండు బస్సులు మారాలి. మూడుసార్లు తలుపు తెరుచుకోలేదు. నాలుగోసారి బావ తీశాడు. బావ వడ్రంగి, అబద్ధం ఆడటం బొత్తిగా చేతకాని మనిషి.

"అక్క ఉందా బావా?"

"ఉంది." అని వెనక్కి చూసి, "లేదనమంది" అన్నాడు.

లోపలి నుంచి అక్క గొంతు ఖంగుమంది. "ఎవరో ఇల్లు తప్పి వచ్చుంటారు. పంపించెయ్యండి!"

ఆమె గుమ్మంలోనే నిలబడి సంచిలోంచి రెండు కాగితాలూ తీసింది. బావకి ప్రాంతాల నుంచి మొదలుపెట్టి ఊళ్ళ మీదుగా దుకాణాల దాకా పూసగుచ్చినట్టు చెప్పింది. గొంతు పెంచి చెప్పింది, తలుపు వెనక వినబడేలా. ఆరువందల అరవై అంది, ఆరువందల నలభై అంది. బావ గడ్డం గోక్కుంటూ అంతా విన్నాడు.

"నాకర్థమైంది మరదలా. మూడు సన్న కొయ్యలు కట్టకట్టి దుంగ కన్నా లావు అన్నారు. అంతేగా?"

"అంతే బావా! అంతే! అక్కకి చెప్పు."

"నేనా?" బావ మొహం చిన్నదైపోయింది. "ఈ ఇంట్లో నా మాట ఎన్నో వరుసలో ఉంటుందో నీకు తెలియదూ? ఇంకోసారి ఎప్పుడన్నా రా. కోపం చల్లారాక."

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. కాగితాలు ఒళ్ళో పెట్టుకుని ఆమె తన వాదన మళ్ళీ మొదటి నుంచి చూసుకుంది. ఎక్కడా లోపం లేదు. అక్క ఒక్కసారి ఈ రెండో కాగితం చూస్తే చాలు, మళ్ళీ మాట్లాడుతుంది. మాట్లాడి తీరాలి. లెక్క సరిపోయాక మనిషి కోపంగా ఉండటానికి కారణం ఉండదని ఆమె గట్టిగా నమ్మింది. పాపం, ఇరవై ఏళ్ళు క్యూబుతో కాపరం చేసిన మనిషి.

ఏడాది తిరిగింది. మళ్ళీ పన్నెండు దుకాణాల మాట వచ్చింది.

"పోయినసారిలాగే ఒక జాబితా పడెయ్యమ్మా" అన్నాడు పెన్సిలు సారు.

"పోయినసారిలాగా ఇవ్వను సార్."

ఆయన చెవి మీది పెన్సిలు తీసి బల్ల మీద పెట్టాడు. "ఏంటీ?"

"విడగొట్టి ఇస్తాను. దుకాణానికి దుకాణం. పైన తలకట్టులో ఆ మాట రాసి ఇస్తాను. అది కొట్టేస్తే నేను సంతకం పెట్టను. తప్పు ఒప్పుకునే కాగితం మీద కూడా పెట్టను."

పోయినసారి సంగతి పైవాళ్ళకి ఇంకా గుర్తుందని, ఇంకోసారి అలాంటిది జరిగితే సంతకానికి ఎవరూ దొరకరని ఆయన లెక్క వేసుకుని ఉంటాడు.

"సరేలే, వస్తాదునే నెగ్గనిద్దాం" అన్నాడు. "తలకట్టు మాత్రం ఒక్క వాక్యంలో ముగించు తల్లీ, నవల రాయకు."

జాబితా వెళ్ళింది. ఈసారి చివరి పన్నెండు నిజంగానే చివరి పన్నెండు. ఆ సాయంత్రం ఆమె ఇంతకుముందెప్పుడూ చెయ్యని పని చేసింది. పన్నెండు పేర్లూ చదివింది. చదివి, ఆఖరి దుకాణం నంబరు చూసి గదికి వచ్చాక ఫోను చేసింది. ఉత్తరం రాకముందే చెబుదామని. నోరు కట్టుకోమని ఈసారి ఎవరూ అనలేదు గాని, అననక్కర్లేదు.

"హలో, చెప్పండి!" అన్నాడొకాయన. పెద్దవయసు గొంతు, హుషారుగా ఉంది. వెనక షట్టరు దింపుతున్న చప్పుడు. "చెప్పండమ్మా, ఏ సైజు కావాలి?"

"పిల్లల బూట్లు... అయిదున్నర ఉందా అండీ?" అంది.

"ఎందుకుండదమ్మా, రేపు రండి. నల్లవా, గోధుమరంగువా?"

"నల్లవి."

"పక్కన పెట్టి ఉంచుతాను. ఏం పేరమ్మా?"

ఆమె ఫోను పెట్టేసింది. ఆ రాత్రి వంట చేసుకోలేదు.

ఆమె అక్కని ఆఖరిసారి చూసింది ఆ వారంలోనే. మళ్ళీ ఇప్పటిదాకా కలవలేదు. సెలవు పెట్టి, ఆదివారం కాకుండా మామూలు రోజున వెళ్ళింది, ఇంటికి కాదు. అక్క ఇప్పుడు సంచులూ సూట్‌కేసులూ అమ్మే దుకాణంలో ఒకరి కింద పని చేస్తోందని బావ చెప్పాడు. మధ్యాహ్నం, జనం లేరు. అక్క స్టూలు మీద నిలబడి పై అరలో దుమ్ము దులుపుతోంది. జుట్టు బాగా నెరిసింది. యాభై అయిదేళ్ళ మనిషి స్టూలు మీద నిలబడితే ఎవరూ పట్టుకోవడం లేదు. చెల్లెలు పరిగెత్తి స్టూలు పట్టుకుంది.

అక్క కిందికి చూసింది. "వదులు. నేనేం పడను."

"దిగక్కా."

"గిరాకీ వేళ. ఏం కావాలో చెప్పి వెళ్ళు."

"ఒక్క కాగితం చూడు చాలు. చూశాక వెళ్ళమంటే వెళ్ళిపోతాను."

అక్క దిగింది. కొంగుతో చేతులు తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని, బల్ల మీద పరిచిన రెండు కాగితాల మీదికి వంగింది. చెల్లెలు వేలు పెట్టి చూపించింది. ఇది ఇళ్ళ ప్రకారం, ఇది మనుషుల ప్రకారం. ఈసారి బావకి చెప్పినంత సేపు పట్టలేదు. అక్క ముప్పై అయిదేళ్ళు పెట్టెలు పేర్చిన మనిషి, సగంలోనే అందుకుంది.

"అంటే ఆ ఊళ్ళో ముగ్గురు కలిసి నా మీద ఎక్కారు. నేను ఒక్కదాన్నే ఉన్నందుకు కిందికి పోయాను."

"అవునక్కా!"

"విడిగా చూస్తే?"

"ముప్పై ఎనిమిదో చోటు. రెండువందల నలభైలో."

"ముప్పై ఎనిమిదా!" అక్క మొహం ఒక్కసారి విప్పారింది. లోపల కునుకుతున్న దుకాణం యజమానికి వినబడేలా, "విన్నారా అండీ, మాది ముప్పై ఎనిమిదో దుకాణం! రెండువందల నలభైలో!" అంది. ఆయన ఊఁ అన్నాడు. అక్క మళ్ళీ కాగితం మీదికి వంగి తన దుకాణం పేరుని వేలితో నెమ్మదిగా నిమిరింది. "నాకు తెలుసే. నా చేతికి తెలుసు, ఎన్ని పెట్టెలు విప్పుతున్నానో."

చెల్లెలికి ఏడుపొచ్చినంత పనైంది. అయిపోయింది, అక్క మళ్ళీ మాట్లాడుతోంది.

అక్క వేలు కాగితం పైమూలకి వెళ్ళింది. అక్కడ, ప్రింటు తీసిన తేదీ ఉంటుంది. సరుకొచ్చినప్పుడు రసీదు మీద ముందు తేదీ చూసే అలవాటున్న మనిషి.

"ఇది పోయినేటిది" అంది. "ఇది నాకు ఉత్తరం వచ్చిన రోజుకి తొమ్మిది రోజుల ముందుది."

చెల్లెలు ఏడాదిగా ఆ కాగితాన్ని సంచిలో మోస్తోంది, ఆ మూలకేసి ఒక్కసారీ చూసుకోలేదు.

"అంటే నేను పైన అడగవే అని ఫోను చేసిన పొద్దున ఈ కాగితం నీ దగ్గరుంది."

"ఉందక్కా."

"ఆ ముందు రోజు సాయంత్రం తింటున్నానక్కా అన్నప్పుడు కూడా ఉంది."

"ఉంది."

అక్క కళ్ళజోడు తీసింది. కోపం లేదు మొహంలో. కోపమున్నా బాగుండేది. కాగితాలు రెండూ సమంగా మడిచి చెల్లెలి చేతిలో పెట్టింది.

"లెక్కలు నాకెందుకే చిన్నీ. నువ్వు రాయలేదు, సరే, నమ్మాను. మూసేస్తున్నారక్కా అని ముందుగా ఒక్క మాట చెబితే నేనే వెళ్ళి వాళ్ళ గుమ్మంలో కూర్చునేదాన్ని. తొమ్మిది రోజులు. ఎందుకు చెప్పలేదు?"

చెప్పడానికి చాలా ఉంది. పెన్సిలు సారు బెదిరించాడని చెప్పొచ్చు. నిబంధనలు ఒప్పుకోవని చెప్పొచ్చు. బస్సులో వస్తూ అవన్నీ పేర్చుకునే వచ్చింది. వీధిలో ఎవరో ఒకావిడ పిల్లాణ్ణి చెయ్యి పట్టుకుని సూట్‌కేసుల ముందు ఆగింది. అక్క అటు చూడలేదు. జవాబు కోసం నిలబడే ఉంది.

"నీ దుకాణం పోయినా నువ్వు ఎలాగో బతుకుతావు అనుకున్నానక్కా" అంది ఆమె. "నా ఉద్యోగం పోతే నేను బతకలేను అనుకున్నాను."